ఎత్తు స్టూల్ సుఖం కుషన్‌లో లేదు, కాళ్ల కింద ఉంది

కౌంటర్ ముందు ఎత్తు స్టూల్ ఎక్కి కూర్చున్న మనిషిని ఓ పావుగంట గమనించండి. ముఖం కంటే కాళ్లే ఎక్కువ విషయాలు చెబుతాయి. ఎక్కగానే రెండు పాదాలూ కింది అడ్డపట్టీ మీద ఆనుతాయి. కాసేపటికి ఒక పాదం జారి గాల్లో వేలాడుతుంది. ఇంకాసేపటికి మడమని ఆ పట్టీకి తగిలించుకుంటారు. తర్వాత ముందుకు వంగి మోచేతులు బల్ల మీద మోపుతారు, ఒంటి బరువు సగం చేతుల మీదికి వెళ్తుంది. చివరికి ఒక కాలు నేల మీదికి దించి, సగం నిలబడీ సగం కూర్చునీ మాట్లాడుతుంటారు. సీటు ఎంత మెత్తగా ఉన్నా ఈ వరస పెద్దగా మారదు. పాదాలకు సరైన ఎత్తులో ఆసరా దొరికితే మాత్రం మారిపోతుంది.

ఈమధ్య ఇళ్లలోని కిచెన్ కౌంటర్ల ముందు, కాఫీ షాపుల్లో, హోటళ్లలో ఒకే తరహా స్టూళ్లు కనిపిస్తున్నాయి. లేత రంగు ఓక్ కలపతోనో యాష్ కలపతోనో చేసిన సన్నటి కాళ్లు, కిందికి వెళ్లే కొద్దీ కాస్త బయటికి పరుచుకుని ఉంటాయి. వాటి మీద గుండ్రటి అంచులున్న మెత్తటి సీటు, దానికి బూడిద రంగో మీగడ రంగో గుడ్డ. వెనక నడుం దాకా వచ్చే పొట్టి వీపు. దీన్ని స్కాండినేవియన్ స్టైల్ అంటున్నారు. చూడ్డానికి నిజంగానే చాలా బాగుంటాయి. గదిని ఇరుకు చెయ్యవు, కంటికి బరువనిపించవు. అయితే ఆ పేరు వెనకున్న సంప్రదాయం మొదలైంది కలప రంగుతో కాదు, టేపుతో. మనిషి ఒంటిని కొలిచి, ఆ కొలతకు తగ్గట్టు వస్తువు చేసే అలవాటు అది. కొలతల్ని వదిలేసి లేత కలపను మాత్రం తెచ్చుకున్న స్టూల్ ఫొటోలో మెరుస్తుంది, ఇరవై నిమిషాలు కూర్చుంటే తొడలు తిమ్మిరెక్కుతాయి.

కచ్చితంగా చెప్పాలంటే స్కాండినేవియా అంటే డెన్మార్క్, నార్వే, స్వీడన్. ఫిన్లాండ్‌ని నార్డిక్, అంటే ఉత్తర ఐరోపా దేశాల్లో లెక్కిస్తారు గానీ, ఫర్నిచర్ మాట వచ్చేసరికి నాలుగింటినీ కలిపే చెప్పుకుంటారు. డెన్మార్క్‌లో ఈ కొలతల చదువుకి పునాది వేసినవాడు కోర్ క్లింట్. కోపెన్‌హాగన్‌లోని రాయల్ అకాడమీలో 1924లో ఫర్నిచర్ విభాగాన్ని మొదలుపెట్టి, విద్యార్థుల చేత మనిషి ఒంటి కొలతలే కాదు, అలమరలో పెట్టే రోజువారీ సామాను కొలతలు కూడా తీయించాడు. అలమర ఎంత లోతుండాలో అందులో పెట్టే వస్తువే చెప్పాలన్నది ఆయన పద్ధతి. కుర్చీ ఎంత ఎత్తుండాలో మోకాలు చెప్పాలి. ఆయన దగ్గర చదువుకున్న బోర్గె మోగెన్సెన్ 1947లో సామాన్యుల ఇళ్ల కోసం చేసిన జె39 కుర్చీలో అలంకారమంటూ ఏమీ ఉండదు, అయినా ఇప్పటికీ తయారవుతోంది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఆ తరం గొప్పవాళ్లకు పేరు తెచ్చినవన్నీ దాదాపు మామూలు ఎత్తు కుర్చీలే. హాన్స్ వెగ్నర్ 1949లో గీసిన వై ఆకారపు వీపు కుర్చీ, ఆర్నె యాకబ్సెన్ 1952 నాటి చీమ కుర్చీ, 1955 నాటి సెవెన్ సిరీస్, 1958లో కోపెన్‌హాగన్‌లో ఎస్‌ఏఎస్ విమాన సంస్థ హోటల్ కోసం చేసిన ఎగ్, స్వాన్ కుర్చీలు, ఏవీ కౌంటర్ ఎత్తువి కావు. ముందే పుట్టిన ఎత్తు స్టూల్ ఒకటి ఫిన్లాండ్‌లో దొరుకుతుంది. అల్వార్ ఆల్టో 1933లో తన మూడు కాళ్ల 60వ నంబరు స్టూల్‌ని తెచ్చాడు. దాని ప్రాణమంతా వంగిన కాలిలోనే ఉంది. గట్టి బిర్చ్ కర్ర చివర నార వెంబడి సన్నగా కోతలు పెట్టి, ఆ సందుల్లోకి పల్చటి చెక్క పొరలు జిగురుతో దూర్చి, తొంభై డిగ్రీలకు వంచాడు. కాలూ సీటూ కలిసేచోట విడి బ్రాకెట్ అవసరం లేకుండా పోయింది. 1935లో అదే కాలిని పొడుగు చేసి, మధ్యలో పాదాలు ఆనే పట్టీలు పెట్టి 64వ నంబరు బార్ స్టూల్ చేశాడు. మిగతా చాలావరకు, ఇప్పుడు మార్కెట్లో కనిపించే మెత్తటి సీటు ఎత్తు స్టూళ్లు, ఆ పాత కుర్చీల పోలికల్ని ఎత్తైన కాళ్ల మీద నిలబెట్టినవే. అది తప్పేమీ కాదు. కాకపోతే కుర్చీని పైకి లేపినప్పుడు నేల దూరమవుతుంది. కుర్చీలో నేల ఉచితంగా చేసిపెట్టే పనిని స్టూల్‌లో ఎవరో ఒకరు ప్రత్యేకంగా చెయ్యాలి.

ఆ పని ఏమిటో చూద్దాం. మామూలు కుర్చీ సీటు నేల నుంచి సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. పాదాలు నేల మీద ఆనుతాయి కాబట్టి కాళ్ల బరువు నేల మోస్తుంది. ఒంటి బరువు పిరుదుల కింద ఉన్న రెండు ఎముకల మీద పడుతుంది. ఎత్తు స్టూల్ మీద పాదాలకు ఆసరా లేకపోతే కాళ్ల బరువంతా తొడల కింది భాగానికి వేలాడుతుంది. సీటు ముందు అంచు అక్కడే నొక్కుతుంది. మోకాలి వెనకగా పోయే రక్తనాళాలూ నరాలూ ఆ దారిలోనే ఉన్నాయి. తిమ్మిరి, కాళ్లు బరువెక్కడం, పదేపదే కదలాలనిపించడం, అన్నిటికీ మూలం ఇదే. కుషన్ ఎంత మందంగా వేసినా ఈ సమస్య తీరదు, ఎందుకంటే కుషన్ పిరుదుల సమస్య తీరుస్తుంది, ఇది పాదాల సమస్య.

నార్వే డిజైనర్ పీటర్ ఓప్స్‌విక్ ఈ విషయాన్ని అందరికంటే స్పష్టంగా చూపించాడు. 1972లో ఆయన చేసిన ట్రిప్ ట్రాప్ అనే పిల్లల కుర్చీలో సీటు పలకనీ పాదాల పలకనీ రెండిటినీ వేర్వేరుగా పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. పెద్దల బల్ల దగ్గర పిల్లవాడు కూర్చోవాలంటే సీటు ఎత్తుగా ఉండక తప్పదు. అలాంటప్పుడు వాడి పాదాల కిందికి నేలని కూడా పైకి తేవాలి. ఆ కుర్చీకి కుషన్ లేకుండానే పిల్లలు హాయిగా కూర్చుంటారు. ఎత్తు స్టూల్ మీద పెద్దవాళ్ల పరిస్థితీ సరిగ్గా అదే.

అందుకని స్టూల్ ఎంచుకునేటప్పుడు మొదట కొలవాల్సింది సీటు పైభాగం నుంచి పాదాల పట్టీ దాకా ఉన్న దూరం. చాలామంది పెద్దలకు ఇది 40 నుంచి 45 సెంటీమీటర్ల మధ్య ఉంటే సరిపోతుంది, అంటే దాదాపు కుర్చీకీ నేలకీ ఉన్న దూరమే. ఇక్కడే ఒక లోపం దాక్కుని ఉంటుంది. చాలా మోడళ్లు ఒకే డిజైన్‌ని రెండు ఎత్తుల్లో అమ్ముతాయి, కౌంటర్‌కి 65 సెంటీమీటర్లు, బార్‌కి 75. చిన్నదానిలో పట్టీ నేల నుంచి 22 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. సీటుకీ దానికీ 43 సెంటీమీటర్లు, చక్కగా కుదిరింది. పెద్దదానిలో కాళ్లు పొడుగు చేసి పట్టీని మాత్రం అదే 22 దగ్గర వదిలేస్తే దూరం 53 అయిపోతుంది. పొడుగాటి మనిషికి కూడా పాదం అందీ అందనట్టుంటుంది. పట్టీ కూడా పది సెంటీమీటర్లు పైకి జరగాలి. కేటలాగ్ ఫొటోలో రెండూ అన్నదమ్ముల్లా ఒకేలా కనిపిస్తాయి గనక ఈ తేడా కంటికి ఆనదు. కొలతల పట్టికలో సీటు ఎత్తు తప్పకుండా ఉంటుంది, పట్టీ ఎత్తు ఉండదు. ఇది చిన్న లోపం కాదు, కొనేవాళ్లకు అన్నిటికంటే అవసరమైన అంకె అదే.

కౌంటర్, బార్ అన్న రెండు మాటల్ని కలిపేయడం వల్ల కూడా చాలా నష్టం జరుగుతోంది. కిచెన్ కౌంటర్ మామూలుగా 36 అంగుళాలు, అంటే 91 సెంటీమీటర్లు ఉంటుంది. బార్ కౌంటర్ 40 నుంచి 42 అంగుళాలు, అంటే 102 నుంచి 107 సెంటీమీటర్లు. మొదటిదానికి 61 నుంచి 66 సెంటీమీటర్ల సీటు, రెండోదానికి 72 నుంచి 78 సెంటీమీటర్ల సీటు సరిపోతుంది. సీటు పైనుంచి బల్ల పైకి 25 నుంచి 30 సెంటీమీటర్ల దూరం ఉండాలన్నది దీని వెనకున్న సూత్రం. అంతకంటే తక్కువైతే తొడలు ఇరుక్కుంటాయి, ఎక్కువైతే భుజాలు పైకెత్తి తినాల్సి వస్తుంది. బల్ల కింద సొరుగు గానీ చెక్క పట్టీ గానీ ఉంటే దాని మందం కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మెత్తటి సీటు ఈ లెక్కను ఇంకొంచెం చిక్కు చేస్తుంది. చెక్క సీటు 65 అంటే 65. ఫోమ్ సీటు 65 అని రాస్తే, అది ఎవరూ కూర్చోనప్పటి ఎత్తు. మనిషి కూర్చోగానే మందాన్ని బట్టి రెండు మూడు సెంటీమీటర్లు దిగుతుంది. అంటే పాదాలకూ సీటుకూ మధ్య దూరం తగ్గుతుంది, బల్లకూ సీటుకూ మధ్య దూరం పెరుగుతుంది. సరిహద్దులో ఉన్న కొలతైతే ఈ రెండు సెంటీమీటర్లే అటో ఇటో తేలుస్తాయి. కాబట్టి మెత్తటి సీటు కాస్త ఎత్తు వైపు ఉన్నా ఫర్వాలేదు, తక్కువ వైపు ఉంటే మాత్రం ఇబ్బంది.

మోకాళ్లకు కావలసిన లోతు కూడా ఎత్తుతో మారుతుంది. 91 సెంటీమీటర్ల కౌంటర్ కింద సుమారు 38 సెంటీమీటర్ల ఖాళీ కావాలి, 107 సెంటీమీటర్ల బార్ కింద 30 చాలు. ఎత్తు పెరిగే కొద్దీ కాళ్లు నిటారుగా దిగుతాయి, ముందుకు చాచే పని తగ్గుతుంది. అడ్డంగా మనిషికి 60 సెంటీమీటర్లు లెక్కేసుకోవచ్చు. తిరిగే స్టూల్ అయినా చేతులున్నదైనా ఇంకొంచెం కావాలి. బయటికి పరుచుకున్న కాళ్లున్న మోడళ్లలో సీటు వెడల్పు చూసి మోసపోకూడదు. సీట్ల మధ్య జానెడు ఖాళీ కనిపిస్తుంటే, నేల దగ్గర పక్కపక్క స్టూళ్ల కాళ్లు ఒకదానికొకటి తగులుతుంటాయి.

ఆ పరుచుకున్న కాళ్లు అందం కోసమే అనుకుంటే పొరపాటు. ఎత్తు స్టూల్ ఎక్కేటప్పుడు మనిషి పాదాల పట్టీని మెట్టులా వాడతాడు. ఒక్క క్షణంపాటు ఒంటి బరువంతా ముందున్న ఆ పట్టీ మీదే ఉంటుంది. పట్టీ కంటే కాళ్ల కొసలు ఇంకా ముందుకు ఉంటే బరువు వాటి లోపలే పడుతుంది, స్టూల్ కదలదు. కాళ్లు నిటారుగా ఉండి పట్టీ ముందుకు పొడుచుకొస్తే స్టూల్ ముందుకు ఒరుగుతుంది. కుర్చీలు, స్టూళ్లు ముందుకీ పక్కకీ వెనక్కీ పడిపోకుండా ఉంటాయా అని పరీక్షించడానికి యూరప్‌లో ఈఎన్ 1022 అనే ప్రమాణం ఉంది. పిల్లలున్న ఇంట్లో ఈ పరీక్ష పాసైందా అని అడగడం అతి జాగ్రత్త ఏమీ కాదు. వాళ్లు స్టూల్‌ని నిచ్చెనలాగే చూస్తారు.

ఇక కుషన్ సంగతి. ఫోమ్ రాకముందు స్కాండినేవియా కుర్చీల్లో చాలావాటికి మెత్తదనం అల్లిక నుంచి వచ్చేది. వెగ్నర్ వై కుర్చీ సీటు సుమారు 120 మీటర్ల కాగితపు తాడుతో చేతితో అల్లింది. కూర్చుంటే కాస్త సాగుతుంది, గాలి ఆడుతుంది, చెమట పట్టదు. ఆ తర్వాత పాలియురెథేన్ ఫోమ్ వచ్చి, గుండ్రటి ఆకారాలకు గుడ్డ తొడగడం సులువైంది. ఫోమ్ గురించి మాట్లాడేటప్పుడు రెండు విషయాలు కలిసిపోతుంటాయి. ఒకటి సాంద్రత, అంటే ఘనపు మీటరుకి ఎన్ని కిలోలు. రెండోది గట్టిదనం, అంటే ఎంత నొక్కితే ఎంత దిగుతుంది. తక్కువ సాంద్రత ఫోమ్‌ని కూడా గట్టిగా తయారుచేయవచ్చు. షాపులో నొక్కి చూస్తే బాగానే ఉన్నట్టుంటుంది, ఏడాది తిరక్కుండా గుంట పడుతుంది. రోజూ కూర్చునే సీటుకి ఘనపు మీటరుకి 30 కిలోలకు తగ్గకుండా ఉండటం మేలు.

ఎత్తు స్టూల్ సీటు చిన్నది, కుషన్ పల్చనిది. అందుకని కింద ఏముందన్నది కూడా లెక్కే. బొటనవేలితో సీటు మధ్యలో బలంగా నొక్కితే అడుగున ప్లైవుడ్ తగిలిందంటే, కూర్చున్నప్పుడు ఎముకలకూ అదే తగులుతుంది. కింద గట్టి పొర, పైన మెత్తటి పొర వేసిన సీటు, లేదా ప్లైవుడ్‌కి బదులు సాగే బెల్టులు కట్టిన సీటు అంత త్వరగా అడుగంటదు. ముందు అంచు మీద కూడా వేలు పెట్టి చూడాలి. అది గుండ్రంగా కిందికి దిగాలి. లోపలి ప్లైవుడ్ కూడా అక్కడ వంగి ఉంటే మరీ మంచిది. పైన గుడ్డ గుండ్రంగా కనిపిస్తూ లోపల చెక్క అంచు కత్తిరించినట్టు నిటారుగా ఉంటే, ఫోమ్ నలిగిన కొద్దీ ఆ చెక్క తొడకు తగలడం మొదలవుతుంది.

ముందు అంచుకి ఇంకో కష్టం కూడా ఉంది. కుర్చీలోంచి మనిషి పైకి లేస్తాడు. ఎత్తు స్టూల్ మీది నుంచి లేవడు, జారి దిగుతాడు. రోజుకి పదిసార్లు జీన్స్ ప్యాంటు గుడ్డ ఆ అంచు మీద రాసుకుంటూ పోతుంది. అందుకే ఈ స్టూళ్లలో మొదట మాసేది, మొదట పోగులు లేచేది, మొదట కుట్టు విడిచేది అక్కడే. ముందు అంచు మీదుగా కుట్టు వెళ్లే డిజైన్ చూడ్డానికి తీరుగా ఉన్నా నాలుగు కాలాలు ఉండదు. కుట్టు కింది వైపుకో పక్కలకో జరిగి ఉండాలి.

గుడ్డ విషయంలో డెన్మార్క్ నుంచి ఒక మంచి ఉదాహరణ ఉంది. నానా డిట్జెల్ 1965లో రూపొందించిన హాలింగ్‌డాల్ అనే ఉన్ని గుడ్డని క్వాడ్రాట్ సంస్థ ఇప్పటికీ నేస్తోంది. ఉన్నికి కాస్త విస్కోస్, అంటే కలప గుజ్జుతో చేసే పోగు కలిపి, నేత కంటికి కనిపించేంత మోటుగా నేసిన గుడ్డ అది. ఉన్నికి సహజంగానే స్ప్రింగు గుణం ఉంది, నలిగినా తిరిగి లేస్తుంది, మురికి చటుక్కున లోపలికి ఇంకదు, నిప్పు త్వరగా అంటుకోదు. గుడ్డ ఎంత రాపిడి తట్టుకుంటుందో మార్టిన్‌డేల్ పరీక్షతో కొలుస్తారు. ఇంటి వాడకానికి 15,000 నుంచి 25,000 రుద్దుళ్లు తట్టుకుంటే సరిపోతుంది, జనం వచ్చిపోయే చోట 40,000 అయినా కావాలి. అయితే ఈ అంకె గుడ్డ చిరగడం గురించి చెబుతుందే గానీ, ఉండలు కట్టడం గురించి చెప్పదు, దానికి వేరే పరీక్ష ఉంది. ఇప్పుడు అందరూ ఇష్టపడుతున్న బూక్లే గుడ్డ, అంటే చిన్న చిన్న ముడుల్లా ఉంగరాలు తిరిగినది, సోఫాకి బాగుంటుంది. వంట కౌంటర్ పక్కన, జిప్పులూ బటన్లూ రాసుకునే సీటు మీద ఆ ఉంగరాలు తగులుకుని లాగుతాయి, నూనె ఆవిరి పట్టుకుంటే వదలదు. పాలియురెథేన్ పూత వేసిన కృత్రిమ తోలు తుడవడానికి సులువే, కానీ తేమకు ఆ పూత కొన్నేళ్లలో పొట్టులా లేస్తుంది. లేచాక బాగుచేసే దారి లేదు.

పొట్టి వీపు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. తింటున్నప్పుడు మనిషి ముందుకు వంగుతాడు, వీపు పని చేసేది కబుర్ల సమయంలోనే. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోదగ్గది. స్టూల్ ఎప్పుడూ బల్ల వైపు తిరిగి ఉంటుంది, గదిలో ఉన్నవాళ్లకు కనిపించేది దాని వెనకభాగమే. వెనకవైపు గుడ్డ ఎలా ముగిసింది, కాళ్లు సీటుకి ఎలా కలిశాయి అన్నది అక్కడ తేలిపోతుంది. పాత డేనిష్ కుర్చీల్ని ఏ వైపు నుంచి చూసినా పూర్తయినట్టే ఉంటాయి, ఆ శ్రద్ధ ఇక్కడ మరింత అవసరం.

కలప దగ్గరికి వస్తే, మొత్తం స్టూల్‌లో ఎక్కువ దెబ్బ తినేది పాదాల పట్టీ. చెప్పుల అడుగులు, బూటు మడమలు అన్నీ దాని మీదే. ఎంత మంచి పాలిష్ అయినా ముందు పట్టీ మధ్యలో అరచేయంత మేర అరిగి, కలప తేలిపోయి మురికి పడుతుంది. డెన్మార్క్‌లో ఓక్, బీచ్ కలపకు సబ్బు నీళ్ల పూత వేసే అలవాటు ఉంది. కలప లేత రంగు చెడకుండా, ముట్టుకుంటే మృదువుగా ఉంటుంది, అరిగినచోట మళ్లీ మనమే పూసుకోవచ్చు. కానీ బూటు కింద అది ఆగదు. అందుకే ఆలోచించి చేసినవాళ్లు ఆ పట్టీ పైభాగానికి ఇత్తడిదో స్టీలుదో సన్నటి రేకు బిగిస్తారు. అలంకారంలా కనిపించే ఆ రేకు ఉందంటే, చేసినవాళ్లు దాన్ని ఎలా వాడతారో ఆలోచించారని అర్థం.

స్టూల్‌ని ఒకసారి తలకిందులు చేసి చూస్తే మిగతా విషయాలు తెలుస్తాయి. అడుగున నల్లటి పల్చటి గుడ్డ, దాని చుట్టూ స్టేపుల్ పిన్నులు. అవి దగ్గర దగ్గరగా, ఒక వరసలో ఉన్నాయా, మూలల్లో గుడ్డ మడతలు చదునుగా ఉన్నాయా చూడాలి. కాళ్లు బోల్టులతో బిగించినవైతే, బోల్టు కలపలోకే నేరుగా దిగిందా, లోపల లోహపు మర ఉందా అన్నది ముఖ్యం. నేరుగా కలపలో దిగిన మర నాలుగైదుసార్లు బిగించేసరికి అరిగిపోతుంది. కలప గదిలోని తేమని బట్టి కాస్త ఉబ్బుతుంది, కాస్త ఎండుతుంది. కొత్త స్టూల్ ఇంటికొచ్చిన నెల రోజులకు కిర్రుమంటే అది చాలావరకు పట్టీల దగ్గరి బోల్టులు వదులవడమే. ఒక అలెన్ కీతో ఓసారి బిగిస్తే ఆ చప్పుడు ఆగిపోతుంది. బిగించకుండా అలాగే ఊగుతూ వాడితే జాయింట్ లోపల కలప నలిగి, ఆ తర్వాత ఎంత బిగించినా నిలబడదు.